నడిసముద్రంలో వాన

మొన్న సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ కవరులో ఎండు నెత్తళ్లు కనిపిస్తే ముక్కు ఆనించి చూశాను. వాసనే లేదు. నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చండ్రుగొండ సంతలో నూకాలమ్మ ఎండుచేపల గంప దించిందంటే పాల్వంచ పొగగొట్టాల పొగ కూడా దారి మార్చుకునేది. తునికాకు కోసే ఎండల్లో, చింతచిగురులో వేయడానికి మా నాయనమ్మ ఆమె దగ్గర నెత్తళ్లు కొనేది. నేను మాత్రం కాకినాడ అవతల నుంచి ఆమె మోసుకొచ్చే కథల కోసం వెంటపడేదాన్ని.

రాజుల కాలంలో మా అడవి టేకు గోదావరిలో తేలుతూ పోయి సముద్రం ఒడ్డున ఓడ అయిందని ఆమే చెప్పింది. అంతే, ఆ సెలవుల్లో నోటుబుక్కు నింపేశాను. తెరచాపను మా బడి మైదానమంత కుట్టించి, నలభై మంది నావికులను ఎక్కించి, తుఫానులో దారి తప్పించి, దాహంతో నాలుకలు బయట పెట్టించాను. ఆ తర్వాత తేలికే: సముద్రంలో కడవలు ముంచుకుని కడుపునిండా తాగేశారు.

గంప ముందు కూర్చుని ఇది చదవగానే, పక్కన ఉల్లిగడ్డలమ్మే మల్లయ్య పడీపడీ నవ్వాడు.

"గవి ఉప్పు నీళ్లు బిడ్డా! సముద్రం జూసినవా ఎన్నడన్న?"

"నువ్వు జూసినవారా? సత్తుపల్లి దాటినవా ఎన్నడన్న?" అని నాయనమ్మ లేచింది.

నూకాలమ్మ నవ్వలేదు. గంప అడుగున రాలిన ఉప్పురాయి ఒకటి నా నాలుక మీద పెట్టింది.

"మా అయ్య వేటకెళ్లి దారి తప్పాడమ్మా. చుట్టూ నీళ్లే. పడవ దొరికేతలికి దాహంతో పోయున్నాడు."

ఉప్పు మింగలేక, మరి నలభై మందినీ చంపాలా అని అడిగాను.

"ఎందుకు చంపుతావే? రాసేది నువ్వే కదా, వాన కురిపించు."

"అవ్, జల్దీ కురిపియ్," అంది నాయనమ్మ.

పదకొండు పేజీల వాన కురిపించి, మరుసటి వారం చదివాను. నూకాలమ్మ కళ్లు మూసుకుని విన్నది. బేరానికి వచ్చినవాళ్లను కూడా పట్టించుకోలేదు. చివర్లో మెల్లగా అడిగింది: "ఆ ఓడలో ఇంకొకడికి చోటుంటాదేమో చూడమ్మా."

ఇప్పుడు సంతలో ఆమె కూర్చునే చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాయనమ్మ లేదు. ఆ ఓడ మీదే నేను రాసిన నవలను ప్రచురణకర్త నిరుడు ఎర్రసిరాతో తిప్పి పంపాడు: నడివేసవిలో అంత వాన ఏమిటి, ఓడ ఎక్కింది నలభై మందైతే వానకు పట్టిన దోసిళ్లు నలభై ఒకటెలా అయ్యాయి అని.

రెండూ దిద్దలేదు.