కత్తి మీద రెండు వేళ్ళ గుర్తులు

పాత జపాను కత్తులతో మెలిగేవానికి మొదట అలవడేది అనుమానం. పిడి లోపల దాగి ఉండే కత్తి మొదలు మీద ఉలితో చెక్కిన సంతకం కనబడగానే నమ్మరాదు. పేరు ఎంత గొప్పదైతే నమ్మకం అంత తగ్గాలి. సంతకం ఒక మాట, ఇనుము ఒక మాట చెబుతుంటే ఇనుము వైపే నిలవాలి. ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్ పేటలోని యజమాని ఇంట ఏడేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే.

అంతకుముందు ఆయన కార్యాలయంలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి. చిన్ననాట గురువుగారి సన్నిధిలో తాళపత్రాలు, తామ్రశాసనాలు చదివానని ఒకనాడు మాటవరుసకు ఆయనతో అన్నాను. నాకు విశ్రాంతి వయసు వచ్చినప్పుడు ఆయన నా ఇఖామా, అంటే నివాస అనుమతి, రద్దు చేయించక, తాను సేకరించిన పందొమ్మిది కత్తులకు వివరాల పట్టిక రాయమని కూర్చోబెట్టాడు. జపాను లిపి నాకు రాదు. కాని ఉలి ఎక్కడ తడబడిందో, గీతలోని తుప్పు పాతదో కొత్తదో కనిపెట్టడానికి భాష రానక్కరలేదు.

నెలకొకసారి ఆ కత్తులకు పరిచర్య. పిడిని బిగించిన వెదురు మేకును చిన్న సుత్తితో తట్టి తీసి, పిడి ఊడదీసి, పాత నూనెను మెత్తని కాగితంతో తుడవాలి. పట్టుగుడ్డ మూటలోని సన్నని రాతిపొడిని పదునుండే అలుగు పొడవునా అద్ది, మళ్ళీ తుడిచి, దీపం ఎదుట తిప్పి చూడాలి. ఆ తరువాత లవంగపు వాసన వేసే నూనె పలుచగా పూసి ఒరలో పెట్టాలి. మొదలును చేత్తో పట్టుకోవచ్చు. అక్కడి నల్లని తుప్పు కత్తి వయసుకు సాక్ష్యం కనుక దానిని తోమరాదు. అలుగును మాత్రం వట్టి వేలితో తాకరాదు. చేతి చెమట ఇనుమును తినేస్తుంది. నోటి తుంపర పడకుండా, కత్తి బయట ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడరాదన్న నియమం కూడా నేనే పెట్టాను.

అప్పుడు దీపం పట్టుకొని నిలబడేది ఆ ఇంటి పనిమనిషి. రాయచోటి ప్రాంతపు మనిషి, నలభై దాటినది, పదకొండేళ్ళుగా ఆ ఇంట ఉన్నది. నా కళ్ళకు శుక్లాలు కమ్మిన కొద్దీ దీపాన్ని ఎటు వంచాలో నాకంటె ఆమెకే బాగా తెలిసింది.

నిరుడు సెప్టెంబరులో, సముద్రపు తేమగాలి కిటికీ అద్దాలకు చెమట పట్టించే రోజుల్లో, కంటి శస్త్రచికిత్స అయిన తరువాత మొదటిసారి కత్తుల బీరువా తెరిచాను. యజమాని ప్రాణంగా చూసుకునే పొడుగు కత్తిని తుడిచి దీపం ముందు పట్టగా, మొదలుకు జానెడు పైన రెండు మచ్చలు కనిపించాయి. గోధుమరంగు తుప్పు, పక్కపక్కన, కోలగా. మనిషి వేళ్ళ గుర్తులవి. సందేహానికి తావు లేదు. ఆ తుప్పు పోవాలంటే కత్తిని జపానుకు పంపి సాన పట్టించాలి. సాన పట్టిన ప్రతిసారీ కత్తి కొంత అరుగుతుంది, అరిగినది తిరిగి రాదు.

ఆమె దీపం పట్టుకొని నా పక్కనే ఉన్నది. కత్తిని తిరిగి బీరువాలో పెట్టాను. ఆ రోజు నుంచి ఆమెను కనిపెట్టసాగాను. బీరువా అద్దం తుడిచేటప్పుడు గొళ్ళెం దగ్గర చెయ్యి ఎందుకు ఆగింది? నేను గదిలోకి రాగానే గుడ్డను ఎందుకు మడిచింది? దొంగసంతకాన్ని పట్టుకోవడానికి గుర్తులు ఏరినట్లే ఆమె మీద గుర్తులు ఏరాను. వెదికేవానికి దొరకని గుర్తు ఉండదు కదా. నాలుగో రోజున యజమానికి మచ్చలు చూపించాను.

ఆయన కత్తిని వెలుతురులో తిప్పి చూశాడు. "ఎవరు, ఉస్తాద్?"

"ఈ గదిలోకి నేను కాక వచ్చేది ఆమె ఒక్కతే" అన్నాను.

"నా మనుమలను పెంచిన చెయ్యి అది" అన్నాడాయన. కత్తిని నాకు తిరిగిస్తూ, "గురువారంతో ఖలాస్. కాగితాలు రద్దు చేయిస్తాను" అన్నాడు.

ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలు ఆ మాట ఆమెకు చెప్పినట్లుంది. మర్నాడు నేను వెళ్ళేసరికి వంటగది గడప మీద కూర్చొని ఉల్లిపాయలు ఒలుస్తున్నది. నిజం ఆమె నోటనే వినాలని నా పట్టుదల.

"ఎందుకు తాకావమ్మా?"

"నేనా? నాకేం పని అయ్యోరా దాంతో? తాకితే తెగుతాదని మామా మొదటి దినమే చెప్పింది. కూరగాయల కత్తితోనే సగం వేళ్లు పాయె."

"మరి ఆ వేళ్ళెవరివి?"

ఆమె ఉల్లిపాయ పక్కన పెట్టింది. "చెప్తే మీకు కోపమొస్తాది."

"రాదు. చెప్పు."

"మీయే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పతిసారీ అంతే కదా మీరు. నూనె పూస్తారు, ఒరలో పెట్టే ముందర రెండు వేళ్లు దానిమింద ఆనిచ్చి కండ్లకద్దుకుంటారు. పుస్తకం మూసినాక అద్దుకోరా, అట్ల."

"అబద్ధం. ఇన్నేళ్ళూ చూస్తూ ఎందుకు ఊరుకున్నావు?"

"కత్తి బయటుంటే నోరు తెరవద్దని మీరే అంటిరి. లోపల పెట్టినాక ఇంకేం చెప్పేది? పెద్దాయన, దేవునికి మొక్కుకుంటాండాడులే అనుకుంటి." ఆమె గొంతు తగ్గింది. "గురువారం పంపిస్తారంట. కత్తి చెడగొట్టి వచ్చిందంటే ఇంగ ఏ ఇంట్లో అయినా గడప తొక్కనిస్తారా అయ్యోరా? నన్ను పనికి పెట్టుకోవద్దని వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు."

తప్పించుకోవడానికి ఇంత చక్కగా అల్లిందనే మొదట అనుకున్నాను. అయినా గదిలోకి వెళ్ళి మిగిలిన కత్తులను ఒక్కొక్కటిగా దీపం ముందు వంచి చూశాను. ఐదు కత్తుల మీద, అదే జానెడు ఎత్తున, అదే వాలుతో, ఇంకా పూర్తిగా తేలని రెండేసి మచ్చలు. అన్నింటి మీదా ఒకే చేతివ్రాత. నా కుడిచేతి వేళ్ళను తాకకుండా ఒక జత మచ్చల మీదుగా పట్టి చూశాను. వాలు సరిపోయింది. తాళపత్రం చదివి కట్టేముందు దానిని తాకి కళ్ళకద్దుకోవడం ఏ వయసులో నేర్చానో నాకు జ్ఞాపకం లేదు. చేస్తున్నానన్న ఎరుక కూడా లేదు.

బుధవారం యజమాని ఎదుట చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూశాడు.

"ఆమె మీ ప్రాంతపు మనిషి."

"నిజమే. అయితే ఆ వేళ్ళు నావి."

"మొన్న ఆమెవి అన్నావు. ఇవాళ నీవి అంటున్నావు. నేను ఏ ఉస్తాద్‌ను నమ్మాలి?"

ఆయన లోపలికి వెళ్ళి, ఆ వారమే వచ్చిన కత్తిని తెచ్చి నా ముందు పెట్టాడు. "దీని సంతకం అసలుదో కాదో చెప్పు. తుడిచి ఇవ్వు. నేను ఇక్కడే కూర్చుంటాను." దీపం కూడా ఆయనే పట్టుకున్నాడు.

చేతిని కాచుకోవాలని గట్టిగా నిశ్చయించుకొని మొదలుపెట్టాను. పిడి ఊడదీశాను. పాత నూనె తుడిచాను, పొడి అద్దాను, నూనె పూశాను. మొదలు మీది సంతకం దగ్గరకు వచ్చేసరికి పాత అలవాటు లేచింది. అమ్మినవారి కాగితంలోని పేరు మరీ గొప్పది, ఉలి మరీ పిరికిది. గీతల అంచులు పాత తుప్పును చీల్చుకొని పోయాయి. వాటి అడుగున ఉన్నది ఎఱ్ఱని పడుచు తుప్పు. ఎవరో తరువాతి కాలంలో చెక్కిన దొంగసంతకం. చేయి తిరిగిన పనివాడే అలుగును మలిచాడు, కాని ఆ పేరు అతనిది కాదు. ఆ నిర్ణయానికి వచ్చిన తృప్తిలో, చెప్పడానికి వీలుగా కత్తిని ఒరలో పెట్టబోయాను.

యజమాని నా మణికట్టు పట్టుకున్నాడు. నా రెండు వేళ్ళు అలుగుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి.

సంతకం నకిలీ అని నేనే తేల్చిన కత్తికి నా చెయ్యి మ్రొక్కబోయింది.

ఆయన నా చేతిని మెల్లగా బల్ల మీద పెట్టి, కత్తిని తనే ఒరలోకి దించి, కార్యాలయానికి ఫోను చేసి ఆమె కాగితాలు రద్దు చేయవద్దన్నాడు. ఆ తరువాత ఆమెను పిలిచి, ఇకపై కత్తులు ఆమే తుడవాలని, నేను కుర్చీలో కూర్చొని పద్ధతి చెప్పాలని అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. ఆమె విని తల ఊపింది.

"సరే తుడుస్తా. నాకేం భక్తి, కత్తి కత్తే. యల్లా, మామా పిలుస్తాంది" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నెలనెలా ఆమె తుడుస్తుంది, నేను చూస్తుంటాను. ఆమె వేళ్ళు కాగితం దాటి రావు. ఆమె పేరు మొదట యజమాని చెవిన వేసినది నేనేనని ఆమెకు నేను చెప్పలేదు. ఆయన చెప్పాడో లేదో తెలియదు. టీ గ్లాసు నా ముందు పెట్టేటప్పుడు ప్రతిసారీ ఆమె ముఖం వైపు చూస్తాను. ఏమీ కనబడదు. కొన్నాళ్ళుగా ఆమె నన్ను అయ్యోరా అని పిలవడం మానింది. "టీ" అని మాత్రమే అంటుంది. పని ఎక్కువై అలా అంటున్నదో, తెలిసి అంటున్నదో నేను తేల్చుకోలేకుండా ఉన్నాను.