మా వీధిలో లేని పిల్ల

ఆ రోజుల్లో నేను గురజాలలో తిని, గురజాలలో పడుకుంటూ, మిగతా సమయమంతా మంచు కురిసే దేశంలో బతికేదాన్ని. ఇంటర్‌లో చేరిన కొత్తలో ఫోన్‌లో ఒక అక్క వీడియో చూడటంతో మొదలైంది ఆ జబ్బు. అడిగినవాళ్ళలో ఏ కొద్దిమందికో తప్ప సీటివ్వని విశ్వవిద్యాలయం ఒకటి విదేశంలో ఉందనీ, ఇస్తే మాత్రం ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారనీ ఆ అక్క చెప్పింది. ఆ కొద్దిమందిలో నేనూ ఒకదాన్నని వీడియో అయిపోయేలోపే నిర్ణయించుకున్నాను. అక్కడి పద్ధతులకు ముందే అలవాటు పడాలి కదా. అందుకని ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని చదవడం (ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి), ఇంట్లో ప్రతిదానికీ థాంక్యూ చెప్పడం మొదలుపెట్టాను. పప్పు వడ్డించినా థాంక్యూ, మజ్జిగ పోసినా థాంక్యూ అంటుంటే మా అమ్మ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు గరిటె పక్కన పెట్టి, "ఏందే ఇది, నేనేమన్నా హోటల్లో సర్వర్నా? తింటే తిను, లేకపోతే లెగు" అంది. కాలేజీలో నా పేరు 'ఫారిన్' అయిపోయింది.

ఆ విశ్వవిద్యాలయానికి మార్కులొక్కటే చాలవు. నువ్వెవరివి, ఎందుకు చదవాలనుకుంటున్నావు అని ఒక వ్యాసం రాయాలి. నేను ఇంగ్లిషులో రాసిందే రాసి, కొట్టేసిందే కొట్టేస్తూ ఉండేదాన్ని. 'మానవ నాగరికత తొలినాళ్ళ నుంచి' అని ఎత్తుకుని నా దాకా వచ్చేసరికి వాళ్ళు రాయమన్నన్ని పదాలూ అయిపోయేవి. దానికితోడు హైదరాబాదు వెళ్ళి ఒక పరీక్ష రాయాలి, గుర్తింపు కోసం పాస్‌పోర్ట్ చూపించాలి. మా వంశంలో ఎవరికీ అది లేదు. మా నాన్న క్వారీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే టిప్పర్ డ్రైవరు. కృష్ణ దాటి తెలంగాణలోకి వెళ్ళిరావడమే ఆయన విదేశయానం. "దరఖాస్తు పెడితే పోయేదేముంది, పెట్టు" అన్నాడు. పెట్టాం. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారని ఆఫీసులో చెప్పారు గానీ, ఆ సంగతి వీధిలో ముందుగా చెప్పి ఉంచాలని మాకెవరికీ తట్టలేదు. అదే కొంప ముంచింది.

వీధిలోకి పోలీసు వచ్చి ఒకరి గురించి వాకబు చేస్తే జనం ఏం చేస్తారో పల్నాడు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. (మిగతావాళ్ళ కోసం: ముందు ఆ మనిషెవరో తెలియదంటారు, అసలేం జరిగిందో తర్వాత కనుక్కుంటారు.) నేను కాలేజీలో, అమ్మ టైలరింగ్ షాపులో, నాన్న లోడు మీద ఉన్నప్పుడు ఒక కానిస్టేబులు వచ్చి ఎదురింటి పెద్దమ్మను అడిగాడట. సర్టిఫికెట్లలో నా పేరు నలుగురు దేవుళ్ళను కలిపి పెట్టినది. వీధిలో మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ బుల్లినే. పేరు తెలియకపోయినా కాగితం మీద ఫోటో చూడగానే పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టబట్టే, "ఇట్టాంటి పిల్ల మా వీధిలో లేదు సారూ" అంది. పక్కనున్న చిల్లరకొట్టు బాబాయి ఇంకో అడుగు ముందుకేసి, "ఆ ఇంట్లో వాళ్ళకు అసలు పిల్లలే లేరు" అన్నాడు.

సాయంత్రం నేను సైకిలు దిగీదిగకముందే పెద్దమ్మ నన్ను వాళ్ళింట్లోకి లాగి తలుపేసింది.

"ఏం చేశావే?"

"నేనేం చేశాను పెద్దమ్మా?"

"చేసినా నాకు చెప్పమాకు. పోలీసాయన వచ్చాడు. నువ్విక్కడ లేవని చెప్పి పంపించాం. నాలుగు రోజులు రొంపిచర్లలో మీ మేనత్త దగ్గరుండిరా, అంతా సద్దుమణుగుద్ది."

పరీక్షకు పేరు నమోదు చేసుకునే గడువు దగ్గరపడుతోంది, నేనేమో ప్రభుత్వం లెక్కలో లేకుండా పోయాను. "ఆయన్ను రమ్మన్నది మేమే పెద్దమ్మా" అని చెప్పి ఏడ్చేశాను. "పోలీసోళ్ళను ఎవరన్నా రమ్మంటారటే?" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్ళాం. నాన్నా నేనూ వెళ్తే సరిపోయేది. కానీ లేదన్నవాళ్ళే వచ్చి ఉందని చెప్పాలని పెద్దమ్మ పట్టుబట్టడంతో ఒక ఆటో నిండా జనం కదిలారు. కానిస్టేబులు మమ్మల్ని అందరినీ తేరిపార చూసి, "నిన్న లేని పిల్ల ఇయ్యాల ఎట్టా వచ్చిందమ్మా?" అన్నాడు.

"నిన్న మీరెందుకొచ్చారో మాకు తెలవదు సారూ. ఇయ్యాల తెలిసింది" అంది పెద్దమ్మ, అదేమంత పెద్ద విషయం కానట్టు.

"సరే. పిల్ల మంచిదేనా? గొడవలు, కేసులు ఏమన్నా ఉన్నాయా?"

ఈసారి ఏదీ దాచకూడదని పెద్దమ్మ బయల్దేరేటప్పుడే గట్టిగా అనుకున్నట్టుంది. "ఒకటుంది సారూ. మూడో క్లాసులో మా మనవడి తల పగలగొట్టింది. తప్పు మావాడిదేలే." కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకుని, నావైపు తిరిగి, "అంత దూరం పోయి ఏం చదువుతావమ్మా?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసమే కదా నేను ఏడాదిగా తయారవుతున్నది. నిటారుగా నిలబడి, మానవ నాగరికత తొలినాళ్ళ నుంచి ఇంగ్లిషులో అందుకున్నాను. ఆయన కాసేపు విని, "తెలుగులో చెప్పమ్మా, పర్లేదు" అన్నాడు. తెలుగులో నేనేమీ తయారు చేసుకోలేదు. నోటికొచ్చింది చెప్పాను: "మా నాన్న తోలే సున్నపురాయి ఎప్పుడో సముద్రం అడుగున పేరుకుందట సార్. మన ఊరు సముద్రంగా ఉన్నప్పుడు ఎట్టా ఉండేదో తెలుసుకోవాలని."

ఇన్నేళ్ళుగా ఆ రాయినే మోస్తున్న మా నాన్న మెల్లగా నావైపు తిరిగి, "మన గురజాలలో సముద్రమా? నాకెప్పుడూ చెప్పలేదేందే?" అన్నాడు. ఏం చెప్పను? ఆ మాట నాకూ అప్పుడే దొరికింది.

పాస్‌పోర్ట్ వచ్చింది. పరీక్ష రాశాను. మానవ నాగరికతను పక్కనబెట్టి, స్టేషన్లో చెప్పిందే కాస్త పెంచి వ్యాసంగా పంపాను. కొన్ని నెలలకు జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా, రెండుసార్లు చదివితే గానీ తెలియనంత మెత్తగా, సీటు లేదన్నారు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. నాకంటే పెద్దమ్మకు ఎక్కువ కోపం వచ్చింది. "మా దగ్గరికొచ్చి ఒక్కరన్నా అడగందే నువ్వెట్టాంటిదానివో వాళ్ళకెట్టా తెలిసిందంట?" అని ఆవిడ వాదన. "పోలీసాయనే నయం, ఇంటికొచ్చి అడిగాడు" అన్నాడు కొట్టు బాబాయి.

తర్వాత విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదివాను. ఇప్పుడు ఊరూరా తిరిగి బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పే ఉద్యోగం నాది. ఎక్కువసార్లు పడతాయి, పడనిచోట రైతులు నా చదువును గురించి ఒకటి రెండు మాటలంటారు. నాన్న ఈమధ్యే టిప్పర్ మానేశాడు. మానేసేదాకా క్వారీలో కొత్తగా చేరిన ప్రతి డ్రైవరుకూ, "ఇదంతా సముద్రంరా" అని చెబుతూనే ఉన్నాడని విన్నాను.

మొన్న బోరు పని మీద వెళ్ళినచోట చెట్టుకింద కూర్చుని, పై మెట్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఆలోచించాను. వస్తుందో రాదో, వచ్చినా బదిలీ ఎక్కడికో, ఇప్పుడెందుకులే అనుకుని లేచాను. లేస్తుంటే ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకున్న ఆ ఇంటర్ పిల్ల గుర్తొచ్చింది. సీటు రాకపోవచ్చన్న ఆలోచన ఆ పిల్లకు ఒక్కరోజైనా రాలేదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు ఆగిన తర్వాత కొంచెం అసూయ కూడా కలుగుతుంది.