అత్త తుడిచిన డేటాబేస్

మార్కాపురంలో మా వీధి చివర రేకుల షెడ్డులో మా మేనత్తకు పిండిమర ఉంది. ఆ షెడ్డులోకి ఫోన్ సిగ్నల్ అడుగు పెట్టదు. నేనేమో ఇంట్లో కూర్చుని, మొహం కూడా చూడని కంపెనీకి వెబ్ పేజీలు రాసిపెట్టే మనిషిని. మా అత్త దృష్టిలో అది ఉద్యోగం కాదు, ఊరికే కూర్చోవడం.

ఆ వేసవిలో అత్తకు కంట్లో శుక్లం తీయాలన్నారు. పది రోజులు దుమ్ములోకి పోకూడదన్నాడు డాక్టరు. అదే సమయానికి బస్టాండు దారిలో ఎవరో కొత్త మర పెట్టారు. పది రోజులు మన మర కట్టేస్తే జనం అటు మళ్లుతారని అత్తకు ఒకటే దిగులు. మర నడపడం నాకు వచ్చు, బడి సెలవుల్లో ఆ చక్రం తిప్పినదాన్నే. కానీ ఎవరికి ఎలా పట్టాలన్నది అత్త తలలో తప్ప ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లుగా డబ్బా చూడగానే ఆమె చెయ్యి దానంతటదే చక్రాన్ని మెత్తటి పిండికి బిగిస్తుంది, బరకకు వదులు చేస్తుంది.

"నువ్వు చెప్పు అత్తా, నేను ఫోన్‌లో దాస్తా" అన్నాను గొప్పగా.

సిగ్నల్ లేని చోట పని చేయాలంటే సమాచారం ఫోన్‌లోనే ఉండాలి. బ్రౌజర్ లోపలే ఒక చిన్న డేటాబేస్ పెట్టుకోవచ్చు. కోడ్‌లో దాని పేరూ, వెర్షన్ నంబరూ చెప్పి తెరవమంటే తెరుస్తుంది. ఆ పేరుతో ఏమీ లేకపోతే గొడవ చేయకుండా కొత్తది కట్టి, ఖాళీగా మన చేతికిస్తుంది. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

పేజీ రాసి అత్త ఫోన్‌లోనే పెట్టాను. ఒక డబ్బా పట్టడానికీ ఇంకో డబ్బా పట్టడానికీ మధ్య ఆమె చెబుతుంటే నేను ఎక్కించాను.

"తర్లుపాడు నుంచి వచ్చే అవ్వకు పళ్లు లేవు, రాగులు రెండుసార్లు పొయ్యాల. బడి వెనకింటాయనకు జొన్నలు బరకగా. వాళ్లమ్మ వస్తే మాత్రం మెత్తగా. ఇద్దరికీ ఒకరిది ఒకరికి చెప్పాకు, ఇంట్లో కొట్లాట పెట్టినదానివవుతావు."

నలభై ఇళ్ల సంగతులు ఎక్కించి, ఆ రోజుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున తెరిస్తే ఒక్క పేరూ లేదు.

నాకు మండింది. తప్పు నాదే అయ్యుంటుందని కోడ్ అంతా గాలించాను. అత్త విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. మర్నాడు మళ్లీ ఖాళీ. "ఏందే నీ చదువు, చిల్లు గంపలో పిండి పోసినట్ల ఉందే?" అని నవ్వింది. ఆపరేషన్ ఇంక నాలుగు రోజులే ఉంది. ఆమె నవ్వినకొద్దీ నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి ఒక పని చేశాను. డేటాబేస్‌ను కొత్తగా కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రమే నడిచే భాగం ఒకటి కోడ్‌లో ఉంటుంది. అందులో 'కొత్తది కట్టాను' అని తెర మీద చూపించే ఒక వాక్యం పెట్టాను. మళ్లీ ఎక్కించాం. మర్నాడు పేజీ తెరవగానే ఆ వాక్యం ప్రత్యక్షమైంది. అంటే పేర్లు జారిపోవడం లేదు. రాత్రికీ పొద్దుటికీ మధ్య ఎవరో మొత్తం డేటాబేస్‌నే లేపేస్తున్నారు.

ఆ సాయంత్రం షెడ్డులో బస్తా మీద కూర్చుని కాపు కాశాను. అత్త మర కట్టేసింది. ద్వారం పక్కన వేలాడే పెద్ద పలకను దించింది. ఏ డబ్బా ఎవరిదో ఆ పలక మీదే రాస్తుంది. డబ్బా ఇచ్చేసినప్పుడు పేరుకు అడ్డగీత పెడుతుంది. తడిగుడ్డతో దాన్ని నల్లగా మెరిసేదాకా తుడిచింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి, బ్రౌజర్ సెట్టింగుల్లోకి పోయి, మొత్తం డేటాను తుడిచేసింది. ఎంత శ్రద్ధగా చేసిందో!

"అత్తా! ఏం చేసినావు?"

"ఏం చేసినా? ఫోన్ బరువెక్కకుండా రోజూ తుడుసుకోమన్నాడు సెల్ దుకాణమాయన. పలక తుడిసినప్పుడే దీన్నీ తుడుస్తా. నిన్నటి పేరు కనపడిందంటే ఎవరి డబ్బానో ఇయ్యలేదని గదా అర్థం?"

నాకు కోపం రావాల్సింది. బస్తా మీద పడి నవ్వాను, పిండంతా జుట్టుకు అంటుకునేలా. రెండు రోజులు కోడ్‌ను తిట్టుకున్నాను గానీ, పాపం అది చెప్పినట్టే నడుచుకుంది.

"ఇది పలక కాదత్తా. డబ్బా మూత మీద మేకుతో కొట్టించుకుంటామే, పేరు, అట్లాంటిది."

"అట్ల చెప్పొచ్చు గదే ముందే!" అని నన్నే కసిరింది.

మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి పేజీ నా ఫోన్‌లో పెట్టి, ఒక నకలు లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. ఇన్నిసార్లు చెప్పడం వల్ల అత్తకు మరిచిపోయినవీ గుర్తొచ్చాయి. నలభై ఇళ్లు అరవై అయ్యాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. నేను సెలవు పెట్టి మరలో నిలబడ్డాను. అయిదో రోజు తర్లుపాడు అవ్వ ఆటో దిగింది. పేజీ తెరిచి చూసి, ఆమె రాగులు రెండుసార్లు పోశాను. అవ్వ డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి వేళ్ల మధ్య నలిపింది. మొహం చిట్లించి షెడ్డులోకి తొంగి చూసింది.

"మీ అత్తకు బుద్ధుందా? కంటి ఆపరేషన్ అయిన మనిషి ఇంత దుమ్ములో ఎందుకు కూర్చునింది? పిలువు దాన్ని!"

"అత్త ఇంట్లో ఉందవ్వా. నేనే పట్టినా."

నమ్మలేదు. మర వెనక్కి పోయి చూసి వచ్చింది. అప్పుడు కూడా నన్ను అనుమానంగానే చూసి వెళ్లింది.

ఇంటికి పరుగున పోయి అత్తకు చెప్పాను. నల్ల కళ్లద్దాల వెనక ఆమె మొహంలో ఏముందో నాకు తెలియలేదు.

"మర వెనక్కి కూడా పోయి చూసిందా?"

"చూసింది."

"మళ్లీ చెప్పు" అంది. రెండోసారి చెబుతుంటే కళ్లద్దాల కింద నుంచి నీళ్లు జారాయి. కన్ను తడి కాకూడదని నేను కంగారు పడితే, ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఏడుపు వచ్చింది, ఇంత సంతోషం నాకు ఏ కంపెనీ పేజీ రాసినా కలగలేదు.

పదకొండో రోజు అత్త మరకు వచ్చింది. సాయంత్రం పలక తుడిచింది. అలవాటుగా చెయ్యి నా ఫోన్ మీదికి పోయింది. అంతలోనే ఆగి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకో. నా చెయ్యి మాట వినదు."