మందు లేని జబ్బు, మా డాక్టరమ్మ

మా పెద్ద డాక్టరమ్మ పోయారని మొన్న ఉదయం ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. విన్నాక కూర్చోలేకపోయాను. వీధిలోకి పోయి, ఎందుకు వచ్చానో తెలియక మళ్లీ లోపలికి వచ్చాను. ఆమె గురించి రాస్తే మనసు కుదుటపడుతుందేమోనని మొదలుపెట్టాను. ఇంకా కుదుటపడలేదు.

ఎనభైల మొదట్లో, వైద్యం చదువు ముగించుకుని, ఎమ్మిగనూరులో ఆమె నడిపే చిన్న ఆసుపత్రిలో డాక్టరుగా చేరాను. ఆమె మాటలో గానీ నడకలో గానీ నిదానం లేదు. మందుల చీటీ కూడా నిలబడే రాసేవారు. ఆ రోజుల్లో జ్వరమొచ్చినా నడుం నొప్పయినా జనానికి సూది పడాల్సిందే. "సూది ఎయ్యకుంటే యాడ తగ్గుతాదమ్మా?" అని గొడవపడేవారు. "అక్కర లేనిది ఎయ్యను. ఇంకో చోట ఎయించుకో పో" అనేవారామె. కొందరు నిజంగానే పోయేవారు. క్షయ రోగులు దగ్గు తగ్గిందని మాత్రలు మానేస్తే మాత్రం వదిలేవారు కాదు. గోనెగండ్ల బస్సెక్కి ఇంటికే పోయి, తిట్టి తీసుకొచ్చేవారు. "నీకు బాగుందనిపిస్తే సాలదప్పా. పుస్తకంలో ఎంత కాలమంటే అంత కాలం మింగాల్సిందే."

ఎనభైల చివర్లో ఎయిడ్స్ అనే పేరు పత్రికల్లోకి వచ్చింది. వైద్యులు ఏం చేయాలో చెబుతూ సూచనలూ వచ్చాయి. ప్రతి ఒక్కరికీ సూది వేరుగా ఉడికించాలి, రక్తం తగిలే పనికి గ్లౌజులు వేసుకోవాలి, రోగిని వెలివేయకూడదు, అతను ఒప్పుకోకుండా జబ్బు సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఆమె మా అందరినీ పిలిచి చదివి వినిపించారు.

"మందు లేదని వాళ్లే అంటుంటే మనమేం చేస్తామమ్మా?" అన్నాను.

"మందు లేకుంటే ఏమప్పా, పద్ధతి ఉంది కదా. అదన్నా సరిగ్గా చేద్దాం."

కొన్నాళ్లకే హాలహర్వి వైపు నుంచి ఒక లారీ డ్రైవరు భార్యతో వచ్చాడు. ఆదోని దూది బేళ్లు బొంబాయికి తోలేవాడు. తొడ మీద పెద్ద గడ్డ. భార్యను బయటే ఉంచి, "నాకు ఆ రోగముందని బొంబాయిలో సెప్పినారమ్మా. మీకు సెప్పకుండా కోయించుకుంటే పాపం" అన్నాడు.

సంగతి తెలిసి, మత్తు ఇచ్చే డాక్టరు సంచి సర్దుకున్నాడు. "కర్నూలుకు పంపేయండి" అన్నాడు.

"కర్నూల్లో ఉండేదీ మనుషులే కదప్పా" అని డాక్టరమ్మ, అతని తొడకు మాత్రం మొద్దుబారే మందు ఇచ్చి తనే కోశారు. పక్కన నిలబడ్డ నా చేతులు గ్లౌజుల్లో చెమటకు నానిపోయాయి. తర్వాత అతణ్ణి అందరూ ఉన్న గదిలోనే పడుకోబెట్టారు.

గడ్డ మానుతూ వచ్చింది గానీ డాక్టరమ్మకు స్థిమితం పోయింది. భార్య రోజూ "ఏం రోగమమ్మా?" అని అడుగుతోంది. చెప్పకూడదు. చెప్పకపోతే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "రాసినదాంట్లో తప్పు లేదప్పా. రాసినోళ్లు ఈ పిల్ల మొగం సూడలేదు, అంతే" అన్నారు నాతో. అతని దగ్గర రోజూ ఒకటే మాట. "నువ్వే సెప్పు. నేను పక్కనుంటా."

"సెప్తే ఇడిసిపెట్టి పోతాదమ్మా" అని అతను గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు కట్టు కూడా మార్పించుకోకుండా భార్యను తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు.

మరునాడే మేమిద్దరం బస్సెక్కాం.

"అతను చెప్పకపోతే ఏం చేస్తారమ్మా?" అన్నాను.

"తెలీదు. అడగొద్దు."

వాళ్ల ఇంట్లో కట్టు మార్చాక, డాక్టరమ్మ భార్యను కూడా లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చివరికి అతనే చెప్పాడు. భార్య అరవలేదు. "నాకూ ఉందా?" అని మాత్రం అంది.

"పరీక్ష చేపిస్తా. ఇంక ఎట్లుండాల్నో కూడా సెప్తా" అన్నారు డాక్టరమ్మ.

ఆ పిల్లకు లేదని తేలింది. అయినా మొగుణ్ణి వదిలిపోలేదు. అతను పోయేదాకా తనే చూసుకుంది. ఎన్నో ఏళ్లకు ఆ జబ్బుకు మందులొచ్చినప్పుడు, "ఇంత ఆలిస్యమా" అని డాక్టరమ్మ ఎవరినో కసిరినట్టు అన్నారు. ఆ రోజు అతను నోరు విప్పకపోయి ఉంటే ఆమె నియమాన్ని నిలబెట్టేవారా, దాటేవారా? మళ్లీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

ఆ మధ్యాహ్నం, చెప్పడం అయిపోయాక, అతను నీళ్ల చెంబు అందుకున్నాడు. చెంబును పెదవులకు ఆనించుకుని సగం తాగాడు. "నాకూ దప్పికైతాంది, ఇట్లియ్యప్పా" అని ఆమె చెయ్యి చాచారు. అతను ఇవ్వలేదు. ఆమే తీసుకుని, అలాగే ఆనించుకుని, మిగిలిన నీళ్లన్నీ తాగారు. భార్యాభర్తలిద్దరూ ఆమె గొంతు కదలడాన్నే చూస్తూ ఉండిపోయారు.