కాళ్లు పెట్టని హౌజు

వికారాబాద్ గ్రంథాలయంలో నన్నెరిగినవాళ్లు ఇప్పటికీ నా రాతి తొట్టి సంగతి చెప్పుకుని నవ్వుతారు. పుస్తకం చదివి ఎడ్ల కుడితి తొట్టిలో స్నానం చేసే మనిషినని వాళ్ల కథ. ఆ తొట్టి ఎవరి కోసం కట్టించానో వాళ్లకు తెలియదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పంతొమ్మిదివందల డెబ్బైల మధ్యలో నా భార్యకు మోకాళ్లు పట్టేశాయి. స్నానానికి పీట మీద కూర్చుంటే మళ్లీ లేవలేకపోయేది. తాండూరులో ఉండే ఆమె అక్క, మా వదిన, కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని తీసుకుపోయింది. ఆ కొన్నాళ్లు ఏడాది దాటాయి. నేను ఆదివారం రైల్లో వెళ్లి చూసి, సాయంత్రానికి తాళం వేసిన ఇంటికి తిరిగి వచ్చేవాణ్ణి.

బడి ఏడో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో వైద్యం అలమారా మొత్తం చదివినవాణ్ణి. వేడినీళ్లలో నడుము దాకా మునిగి కూర్చుంటే కీళ్ల నొప్పి తగ్గుతుందని ఒక పుస్తకంలో కనిపించింది. అలాంటి తొట్టి ఇంట్లో ఉంటే ఆమె తిరిగి వస్తుందనుకున్నాను. పట్నంలో పింగాణీ తొట్టి చూశాను. చెయ్యి పెడితేనే జారింది. చివరికి తాండూరు బండలే నయమనిపించి, పాలిషు పెట్టని పసుపు బండలు ఏరుకున్నాను.

మేస్త్రీ మసీదుల్లో హౌజులు కట్టిన పెద్దమనిషి. ఆయనకు ఎలా చెప్పాలో తెలియక “పెద్ద హౌజు లెక్క” అన్నాను. మా వైపు హౌజంటే నీళ్లు నిలవ చేసుకునేది. చెంబుతో ముంచుకుంటాం, అంతే. ఆయన నడుమెత్తు గోడ లేపాడు. పుస్తకంలో కూడా నడుము దాకా అనే ఉంది కాబట్టి నాకూ సరిగ్గానే తోచింది.

ఆమెను తీసుకొచ్చి చూపించాను.

“ఇండ్ల దిగి కూసోవాలె.”

“హౌజుల కాళ్లు పెడ్తరా? ఇరుగుపొరుగోళ్లకు తెలిస్తే మనింట్ల నీళ్లు ముడ్తరా?”

“పుస్తకంల ఉన్నది.”

“పుస్తకం రాసినోనికి మోకాళ్లు మంచిగున్నట్టున్నయి. గంత గోడ ఎట్ల దాటాలె?”

మూడు రోజులు నిలబడే చెంబుతో పోసుకుని, నాలుగో రోజు తాండూరు వెళ్లిపోయింది.

మేస్త్రీని మళ్లీ పిలిచాను. “హౌజు అంటిరి, హౌజు కట్టిన. తానం చేసే తొట్టి అంటే అప్పుడే అయిపోతుండె గద సాబ్,” అంటూనే గోడ మోకాలెత్తుకు కోసి, మెట్టు కట్టి, నీళ్లు పోయే తూము పెట్టాడు.

సంబరంగా తాండూరు వెళ్లాను. పెరట్లో వదిన ఆమె మోకాళ్ల మీద వేడినీళ్లు పోస్తూ, వీధిలో వాళ్ల ముచ్చట్లన్నీ చెబుతోంది. నా భార్య పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. తొట్టి సంగతి చెప్పాను.

“మంచిగ కట్టిచ్చినవు. గని అండ్ల కూసున్నంత సేపు నాతోని ఎవరు మాట్లాడుతరు? నువ్వు బయట కూసోని సదువుకుంటవు,” అంది. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు కూడా నా చంకలో గ్రంథాలయం పుస్తకం ఉంది.

ఆమె రాలేదు. ఆ తొట్టిలో నేనే కూర్చుంటూ వచ్చాను. వేడినీళ్లు ఒంటికి నిజంగానే హాయి. పుస్తకం అబద్ధం చెప్పలేదు.

పేర్లు వద్దని వదిన అంది కాబట్టి ఇలా రాస్తున్నాను. రెండుసార్లు ఓపికగా కట్టిన మేస్త్రీ సాబ్‌కు, గడువు దాటినా పుస్తకాలు ఉంచుకోనిచ్చిన గ్రంథపాలకుడికి, ఇన్నేళ్లు నా భార్యకు మాటల కొరత లేకుండా చూసిన వదినకు నా నమస్కారాలు.