సంతాప సభలో సాక్సఫోన్

ఒక పెద్దాయన సంతాప సభలో, నిండా జనం ఉండగా, అందర్నీ లేచి నిలబడి కళ్ళు మూసుకోమని చెప్పి, ఆ తర్వాత నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించి చెబుతాను. ఇప్పటికీ యానాం బస్సెక్కాలంటే నాకు కిటికీ పక్క సీటు వద్దు. ఎవరైనా గుర్తుపడతారని భయం.

నాకప్పుడు రెండు జబ్బులుండేవి. ఒకటి జాజ్, రెండోది ఎవరికీ తెలియని జాజ్. మొదటిదానితో మనిషి హాయిగా బతికేయొచ్చండి. రెండోదే ప్రమాదం.

జాజ్ అంటే ఏంటని అడిగేవాళ్ళకి ఒక్క ముక్క. అమెరికాలో నల్లజాతివాళ్ళు పుట్టించిన సంగీతం అది. మన కచేరీలో కల్పన స్వరాలు వేసినట్టు, ఒక పాట పట్టుకుని వాయించేవాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. గోదావరికి ఇటూ అటూ కలిపి, నాకు తెలిసినంతలో, దాన్ని వినేవాళ్ళం ముగ్గురమే. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. రెండోవారు ఇన్నీసుపేటలో పళ్ళ డాక్టరు వర్మగారు. మూడోవారు యానాంలో లెక్కల మాష్టారుగా చేసి రిటైరైన భాస్కరంగారు. ఆదివారం ఆదివారం ఆయన బస్సు దిగి, చేతిసంచీలో రికార్డులు పట్టుకుని వచ్చేవారు. డాక్టరుగారి ఆసుపత్రే మా కచేరీ హాలు. అక్కడ ఒరగడానికి వీలైన కుర్చీ ఒక్కటే ఉండేది, పళ్ళు పీకే కుర్చీ. కొత్త రికార్డు తెచ్చినవాళ్ళకి ఆ పూట ఆ కుర్చీ.

పేరున్నవాళ్ళ రికార్డు పెడితే నేను కాలుకాలిన పిల్లిలా గదంతా తిరిగేవాణ్ణి. అందరూ విన్నదాన్ని మళ్ళీ వినడమెందుకని నా బాధ. ముందు నిలబడి ట్రంపెట్ ఊదేవాణ్ణి వదిలేసి, వెనకాల చీకట్లో నిలువెత్తు ఫిడేలులాంటి డబుల్ బేస్ మీటే అనామకుణ్ణి వినమనేవాణ్ణి. స్టూడియోవాళ్ళు పనికిరాదని పక్కన పడేసిన రికార్డింగే అసలు రికార్డింగని వాదించేవాణ్ణి. ఒక వారం డెన్మార్కులో ఎవరో క్లారినెట్టాయన్ని నెత్తిన పెట్టుకున్నాను. వచ్చే ఆదివారానికి వర్మగారు ఫోన్లో అతని పాటలు వెతికి పట్టుకున్నారు. ఇంకేముంది, అతను నాకు చేదైపోయాడు.

"ఈ పియానో ఆయన జన్మలో ఒక్కటే రికార్డు చేశాడండి," అన్నాను ఒకసారి. "తర్వాత చెప్పుల కొట్టు పెట్టుకున్నాడు. దాన్నిబట్టే తెలియడం లేదూ ఎంత గొప్పవాడో?"

"చెప్పుల కొట్టు పెట్టుకున్నాడంటే సరిగ్గా వాయించలేదేమోనయ్యా ప్రసాదూ," అన్నారు భాస్కరం మాష్టారు.

"అలా అనకండి మాష్టారూ. లోకం వినలేదండి."

"వినుండొచ్చు కూడా కదా."

ఆయన మాట అలా ఉండేది. గొంతు పెంచేవారు కాదు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టేది కాదు. ఎలాగైనా ఆయన నోట "ఇది నేను విన్లేదయ్యా" అనిపించాలని నా పంతం.

అలాంటి రోజుల్లో మా స్టాఫ్‌రూమ్ మిత్రులు కారు వేసుకుని యానాం బయల్దేరారు. వాళ్ళెందుకు వెళ్ళారో గోదావరి జిల్లాలవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి ఒక్క మాట, అక్కడ మందు చవక. వాళ్ళు వాళ్ళ సీసాల పనిలో ఉండగా నేను పాత సామాన్ల కొట్టొకటి కనబడితే దూరాను. విరిగిన ఫ్యాన్ల కింద, అరచేతికన్నా కాస్త పెద్దగా, ఒక చిన్న రికార్డు దొరికింది. అట్ట మీద సాక్సఫోన్ బొమ్మ, ఫ్రెంచి అక్షరాలు, యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళదే కదా. నాకు ఫ్రెంచి రాదు. రాదని ఒప్పుకునే గుణమూ అప్పట్లో లేదు.

ఇంటికొచ్చి నా ప్లేయర్ మీద పెట్టాను. సెకండ్‌హాండ్‌ది, వేగం మార్చే మీట విరిగిపోయి ఉండేది, అయినా పనిచేసేది. ముల్లు ఆనగానే ఒక సాక్సఫోన్ మొదలైంది. మొదలైందనకూడదు, మూలిగింది. స్వరానికీ స్వరానికీ మధ్య ఒక ఊరు పట్టేంత ఖాళీ. మధ్యలో ఎవరో మగమనిషి, కడుపులోంచి లాగినట్టు, "బ్వా... బ్వా..." అని ఏడుస్తున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెట్‌లో ఎంత వెతికినా ఆ రికార్డు ఊసే లేదు. నా ఆనందానికి హద్దు లేకపోయింది.

ఇక పేరు సంగతి. 'Noces de canards' అని ఉంది. నోస్ అంటే నైట్‌కి చుట్టమై ఉంటుందనుకున్నాను. కనార్డ్స్ అంటే కెనాల్ కాక మరేంటి? 'కాలవ మీద రాత్రి' అని తేల్చేశాను. కాలవలు మనకి కొత్తా? ఒంటరి మనిషి, లాకుల పక్కన నిలబడి, పోయినవాళ్ళ కోసం ఊదుతున్నాడు. బొమ్మ కట్టేసింది.

ఆ రికార్డు వెంటనే మాష్టారికి వినిపించలేదు. ముందు దాని మీద పెద్ద వ్యాసం రాసి, అది చదివి, అప్పుడు వినిపిస్తే ఆయన ఇక నోరెత్తలేరని నా పథకం. రాస్తూనే ఉన్నాను, కొట్టేస్తూనే ఉన్నాను. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అనుకుంటూ ఆర్నెల్లు గడిపేశాను. ఇంతలో ఒక ఉదయం వర్మగారు ఫోన్ చేశారు.

"ప్రసాదుగారూ, మాష్టారు పోయారండి. నిద్రలోనేనట."

ఆ వారమంతా క్లాసులో ఏం చెప్పానో నాకు తెలియదు. ఇంట్లో కూర్చోలేను, గోదావరి గట్టు మీదకెళ్తే నిలబడలేను. వినిపించలేకపోయానన్న బాధ ఒక పక్క. ఆయన "ఇది నేను విన్లేదయ్యా" అనకుండానే వెళ్ళిపోయారన్న చిన్నబుద్ధి ఇంకోపక్క.

మాష్టారి శిష్యులు యానాంలో ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. నేను ఫోన్ చేసి, మాష్టారికి సంగీతంతో నివాళి ఇస్తానని చెప్పి అనుమతి తీసుకున్నాను. వర్మగారు తన ప్లేయర్ కార్లో తెచ్చారు. ముందు వరసలో మాష్టారి భార్య సుగుణమ్మగారు కూర్చున్నారు. ఆవిడ అక్కడి స్కూల్లో పిల్లలకి ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. ఆ విషయం నాకు తెలుసు. తెలిసీ నా బుర్రలో ఎందుకు వెలగలేదో ఇప్పటికీ తెలియదు. ఆవిడ పక్కన మాష్టారి అన్నగారు, ద్రాక్షారామం నుంచి వచ్చారు, కర్ర పట్టుకుని నిటారుగా కూర్చునే మనిషి.

నా వంతు వచ్చేదాకా కుర్చీలో కుదురుగా లేను. పిలవగానే మైకందుకున్నాను.

"ఈ కళాకారుడెవరో ప్రపంచానికి తెలియదు," అన్నాను. "తెలియకపోవడం ప్రపంచం దురదృష్టం. కాలవ మీద రాత్రి అని ఈ పాట పేరు. స్వరాల మధ్య నిశ్శబ్దం వినండి. అందులో ఒక మనిషి ఏడుపు వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ నాకూ ఏడుపొచ్చింది. దయచేసి అందరూ లేచి, కళ్ళు మూసుకుని, పాట పూర్తయ్యేదాకా మౌనంగా ఉండాలని ప్రార్థన."

హాలంతా లేచింది. అన్నగారు కర్ర ఊతంతో కష్టపడి లేచారు. నేనూ కళ్ళు మూసుకుని, వర్మగారికి చేత్తో సైగ చేశాను.

సాక్సఫోన్ ఎగిరి దూకింది. డ్రమ్ములు గంతులేశాయి. తాళం పట్టుకోవాలంటే నలుగురు కావాలి. మధ్యలో ఒకడు హుషారుగా, "క్వాక్ క్వాక్ క్వాక్" అని అరుస్తున్నాడు.

నేను కళ్ళు తెరిచాను. మిగతావాళ్ళు పాపం ఇంకా తెరవలేదు, నేనే కదా మూసుకోమన్నది. కొందరి భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నేను వర్మగారి దగ్గరికి పరిగెత్తాను. "డాక్టరుగారూ, మీ మిషన్ పాడైందండి. పరిగెడుతోంది."

"పరిగెట్టడం లేదండి. సరిగ్గానే తిరుగుతోంది."

"ఆర్నెల్ల నుంచి వింటున్నానండి నేను. ఇది ఆ పాట కాదు."

"చిన్న రికార్డండి ఇది. పెద్దవాటికన్నా జోరుగా తిరగాలి. మీరు ఏ వేగంలో విన్నారు?"

నాకు నా విరిగిన మీట కళ్ళ ముందు ఆడింది. పిల్లలకి వృత్తాకార చలనం పాఠం చెప్పి పొట్టపోసుకునేవాణ్ణండి నేను. అయినా ఆ క్షణాన ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తిరిగే రికార్డు అంచు మీద వేలుపెట్టి నొక్కాను. సాక్సఫోన్ దూడ తప్పిపోయిన గేదెలా అరిచింది.

"ఇదండీ అసలు పాట," అన్నాను. మైకు నా చేతిలోనే ఉంది. అందరికీ వినిపించింది.

వేలు జారింది. గేదె మళ్ళీ క్వాక్ క్వాక్ అంది.

మాష్టారి అన్నగారు ఒక కన్ను తెరిచారు. "బాబూ, ఇప్పుడు మేం నిలబడాలా, కూర్చోవాలా?" అన్నారు చాలా మర్యాదగా.

అప్పుడు సుగుణమ్మగారు లేచి వచ్చి, "ఆ అట్ట ఇలా ఇవ్వండి" అన్నారు. కళ్ళజోడు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు. పెదవులు బిగబట్టుకున్నారు.

"కాలవ కాదు బాబూ," అన్నారు. "నోస్ అంటే పెళ్ళి. కనార్ అంటే బాతు. బాతుల పెళ్ళి."

ఆ మాటా మైకులోకి వెళ్ళింది. హాల్లో ఎవరో ఆపుకోలేక మొదలుపెట్టారు. తర్వాత అందరూ. నేను నేలలోకి దిగిపోదామంటే అది గచ్చు. క్షమించమని అడుగుదామని సుగుణమ్మగారి వైపు తిరిగాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అవి నవ్వుకి వచ్చినవో ఇంకెందుకో నాకు తెలియదు.

"బావగారూ, కూర్చోండి," అన్నారావిడ. "పెళ్ళికి ఎవరైనా నిలబడే ఉంటారా? డాక్టరుగారూ, మొదట్నించీ వెయ్యండి. మావారికి సంతాపాలంటే చిరాకు."

వర్మగారు మళ్ళీ వేశారు. ఆ తర్వాత భోజనాల దగ్గర నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోగా, వడ్డించేవాళ్ళు నా ఆకులో బూరెలు అడక్కుండానే వేసి, నా మొహం చూసి పక్కకి తిరిగిపోయేవారు. తిరుగు ప్రయాణంలో కార్లో కోటిపల్లి దాటాక వర్మగారు నెమ్మదిగా, "ప్రసాదుగారూ, ఆ చెప్పుల కొట్టాయన్ని కూడా ఒకసారి సరిచూద్దామా?" అన్నారు.

ఏడాది తిరగబోతుండగా సుగుణమ్మగారు నాకు ఫోన్ చేశారు. సంవత్సరీకానికి రమ్మన్నారు. వస్తానన్నాను. పెట్టేయబోతుంటే, "బాబూ, ఒక కోరిక," అన్నారు. "ఆ రికార్డు మీ ప్లేయర్‌తో సహా పట్రండి. మీరు ఏడ్చిన వేగంలో ఒక్కసారి వినాలని ఉంది."

తీసుకెళ్ళాను. నేను గుమ్మంలో నిలబడి ఉండగా, ఆవిడ గదిలో ఒక్కరే కూర్చుని, పాట అయ్యేదాకా కళ్ళు మూసుకునే విన్నారు. లేచి, "ఇది మాత్రం ఆయన విన్లేదయ్యా," అన్నారు.

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో, ముక్కోటి దేవతల సాక్షిగా, విరిగిన మీట మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప సంగీతమైనా, ఎంత అనామకుడు వాయించినా, ఏ వేగంలో తిరుగుతోందో చూసుకోకుండా ఒక్క కన్నీటి చుక్క కూడా కార్చను.