లోహం పడని షమీమ్‌కు కొత్త మోకాలు

2022 వానాకాలం. పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఎముకల సర్జన్‌ని. మధురానగర్‌లో కుట్టుపని నేర్పే షమీమ్ బేగం గోడ పట్టుకుంటూ నా గదికి వచ్చింది. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. మార్చక తప్పదన్నాను.

"మార్చుడు తెలుసు డాక్టరమ్మా. నాకు లోహమే పడదు," అంటూ ముంజేతి మీది మచ్చ చూపించింది. ఎముక విరిగినప్పుడు వేసిన ప్లేటుకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, చివరికి దాన్ని తీసేశారట. "ఇద్దరు డాక్టర్లకు చెప్పిన. భ్రమ అన్నరు."

ప్యాచ్ టెస్ట్ చేయించాం. అంటే, లోహాల లవణాలను వీపుకు అంటించి చర్మం ఏమంటుందో చూడటం. నికెల్‌కూ కోబాల్ట్‌కూ వీపు ఎర్రగా పొంగింది. మామూలు కృత్రిమ మోకాలిలో ఉండేవి అవే.

మిగిలిన దారి నానో సిరామిక్ కోటింగ్ ఉన్న మోకాలు. కంటికి ఆనని పలుచని సిరామిక్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, లోహం ఒంట్లోకి ఊరకుండా కప్పేస్తారు. మా దగ్గర అప్పటిదాకా ఎవరికీ వేయలేదు. దాన్ని తయారుచేసే కంపెనీ ఇంజనీరును నమూనా తెమ్మని, షమీమ్‌నూ పిలిపించాను.

"కోటింగంటే నాన్‌స్టిక్ పెనం లెక్కనే కద? ఊడిపోతది," అంది షమీమ్. సంచిలోంచి కత్తెర తీసి, దాని మొనతో నమూనా మీద బలంగా గీసింది. బూడిదరంగు గీత పడింది. ఇంజనీరు స్పిరిట్‌తో తుడిచాడు. గీత పోయింది. అది కత్తెర ఉక్కు రాలిన గీత, పూత చెక్కుచెదరలేదు.

"గ్యారంటీ ఇస్తరా?"

"ఇవ్వలేను. ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీకు మాత్రం మామూలుదానికన్నా ఇదే నయమని నమ్ముతున్నాను."

ఆమె కత్తెరను సంచిలో పెట్టేసింది. "అబద్ధం చెప్పలే మీరు. చేయుండ్రి."

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పకముందే ఫోన్ వచ్చింది. "మోకాలు ఎర్రగైంది, దురద పెడుతుంది." పూత విఫలమైతే మళ్లీ కోసి అంతా తీయాలి. వెంటనే రమ్మని కట్టు విప్పాను. ఎరుపు నలుచదరంగా, ప్లాస్టర్ అంటించిన మేరకే ఉంది. గాయం చుట్టూ చర్మం శుభ్రంగా ఉంది. రక్తపరీక్షలోనూ ఇన్ఫెక్షన్ లేదు. పడనిది ప్లాస్టర్ జిగురు. దాన్ని మార్చగానే తగ్గిపోయింది.

ఇప్పుడు మా విభాగంలో మోకాలు మార్చే ముందు ప్రతి ఒక్కరినీ లోహం పడుతుందా అని అడుగుతాం. జవాబు పూర్తయ్యేదాకా వింటాం.

ఈమధ్య షమీమ్ కుట్టుపని నేర్పే దుకాణానికి వెళ్లాను. కుడికాలితో మిషన్ తొక్కుతూ పాఠం చెబుతోంది. నన్ను చూసి లేచి, నేర్చుకునే అమ్మాయిలకు పరిచయం చేసింది. మోకాలు మార్చిన డాక్టరని చెబుతుందనుకున్నాను.

"గీమె నా మాట నమ్మిన డాక్టరమ్మ," అంది.

నా చదువుకు అంతకు మించిన బిరుదు ఎవరూ ఇవ్వలేదు.